మన మూకుడులో నూనె, బోర్నియోలో అడవి: లెక్క చెప్పాల్సింది ఎవరు?

పాలమూరు_పల్లికాయ

ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ పామాయిల్ దిగుమతి చేసుకునే దేశం మనది. ఏటా 75 లక్షల టన్నుల నుంచి కోటి టన్నుల దాకా ఓడల మీద వస్తుంది. అందులో చాలా భాగం ఇండోనేషియా, మలేషియాలదే. సుమత్రా, బోర్నియో దీవుల్లో అడవులు నరికి తోటలు వేసిన సంగతి ఇక్కడ చాలామంది వినే ఉంటారు. బోర్నియోలో 1999 నుంచి 2015 లోపల లక్షకు పైగా ఒరాంగుటాన్లు (అక్కడి అడవుల్లో బతికే పెద్ద వానరాలు) తగ్గిపోయాయని 2018లో శాస్త్రవేత్తలు లెక్క తేల్చారు. అంతా పామాయిల్ వల్లే అనడం లేదు. వేట ఉంది, కలప ఉంది, గనులు ఉన్నాయి. కానీ తోటల వాటా చిన్నది కాదు.

నా ఫిర్యాదు ఇది. అమ్రాబాద్‌లో పులి చనిపోతే పత్రికలు రాస్తాయి, మనం అధికారులను నిలదీస్తాం, నిలదీయాలి కూడా. అదే మన వంటింటి కోసం ఇంకో దేశంలో అడవి పోతే అది ఏ శాఖ పుస్తకంలోనూ కనిపించదు. అటవీ శాఖ తనకు సంబంధం లేదంటుంది. వాణిజ్య శాఖ చూసేది టన్నులు, డాలర్లు. 2012 అక్టోబరులో జీవవైవిధ్య ఒప్పంద దేశాల పదకొండవ సదస్సు మన హైదరాబాద్‌లోనే జరిగింది. ఆ తరువాత రెండేళ్ళు అధ్యక్ష స్థానంలో కూర్చున్నది కూడా మనమే. అప్పటికే పామాయిల్ కొనుగోలులో మనం ముందు వరుసలో ఉన్నాం.

సూటిగా అడుగుతున్నాను. ఒక దేశం తినే తిండి వల్ల మరో దేశంలో జీవజాతులు నశిస్తే, తిన్న దేశానికి బాధ్యత ఉందా, లేదా? ఉంటే ఎలా తీర్చాలి? "అది వాళ్ళ దేశం, వాళ్ళ చట్టం" అనే జవాబు నాకు సరిపోవడం లేదు.

కొత్తకోట_కిరాణా

నా కొట్టుకు వచ్చేవాళ్ళలో సగం మంది నూనె పేరు అడగరు, ధర అడుగుతారు. పల్లి నూనె ప్యాకెట్‌కూ పామోలిన్ ప్యాకెట్‌కూ ఉన్న తేడా కూలికి వెళ్ళే మనిషికి చిన్నది కాదు. బాధ్యత అంటూ మొదలుపెడితే అది చివరికి ఆ మనిషి నెత్తిన పడుతుంది. ముందు ఈ మాట రాసుకుని తరువాత చర్చ సాగించండి.

బత్తాయి_తోట_నల్గొండ

కొత్తకోట అన్న చెప్పిందే నా మాట. పైగా వరుస అంటూ ఒకటి ఉంటుంది. 2012లో వచ్చిన ఒక పరిశోధన ప్రపంచంలో జీవజాతులకు ఉన్న ముప్పులో 30 శాతం అంతర్జాతీయ వ్యాపారం వల్లేనని చెప్పింది. ఆ సరుకు ఎక్కువగా చేరేది అమెరికాకు, యూరప్‌కు, జపాన్‌కు. మెక్సికో, మధ్య అమెరికాలలో కాఫీ, కోకో తోటల వల్ల ఒక కోతి జాతి ఎలా దెబ్బతిందో అందులో ఉదాహరణగా ఇచ్చారు. వాళ్ళు కాఫీ తాగి, చాక్లెట్ తిని, సోయా మేపిన మాంసం తిని వందేళ్ళుగా అడవులు కరిగించారు. ముందు వాళ్ళు లెక్క చెప్పాలి. మనిషికి ఇంత అని చూస్తే మనం తినేది ఎంత?

దేవరకొండ_శ్రీలత

బత్తాయి గారూ, వాళ్ళు ముందు చెప్పాలన్నది నిజం. వాళ్ళు చెప్పేదాకా మనం చెప్పనక్కర్లేదన్నది మాత్రం నిజం కాదు. కాఫీ, కోకో లెక్కలో మనం చివరన ఉన్నాం, ఒప్పుకుంటాను. పామాయిల్ లెక్కలో మొదట ఉన్నాం. ఏ సరుకులో ఎవరు మొదట ఉంటే ఆ సరుకుకు వాళ్ళు ముందుగా జవాబు చెప్పాలి.

వంటింటి_మాట

ఈ చర్చను సరిగ్గా సాయంత్రం బజ్జీల బండి వేళకు మొదలుపెట్టారు పల్లికాయ గారు. మా వీధిలో మూకుడు పొంగుతోంది, నేను ఫోను పట్టుకుని కూర్చున్నాను.

నల్లమల_గాలి

మాది అమ్రాబాద్ వైపు. బాధ్యత ఉందా లేదా అనే ప్రశ్న మాకు కొత్త కాదు. కాకపోతే మేము దాన్ని అటు ఒడ్డు నుంచి చూశాం.

నల్లమలలో యురేనియం అన్వేషణ అన్నప్పుడు ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. ఆ యురేనియం చెంచుల అడవి ఊళ్ళకు, అంటే పెంటలకు, అక్కరలేదు. ఎక్కడో నగరాల్లో దీపాలు వెలగడానికి, మిషన్లు తిరగడానికి అది కావాలి. బోర్లు వేసేది మాత్రం ఇక్కడ, పులులు తిరిగే చోట, కృష్ణా నీళ్ళు పారే చోట. "దేశానికి కరెంటు కావాలి కదా" అని మాతో చాలామంది అన్నారు. అప్పుడు మేము అడిగింది ఒక్కటే: కావలసింది మీకు, పోయేది మావి, మధ్యలో మమ్మల్ని ఎవరు అడిగారు? ఊళ్ళు కదిలాయి, విద్యార్థులు కదిలారు, 2019 సెప్టెంబరులో శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. నల్గొండ వాళ్ళకు లంబాపూర్, పెద్దగట్టు పేర్లు ఇంతకు ముందే తెలుసు. సాగర్ జలాశయం పక్కన అదే యురేనియం, అదే గొడవ.

ఇప్పుడు బోర్నియోలో డయాక్ ప్రజల గురించి ఆలోచించండి. తరతరాలుగా అడవిని నమ్ముకుని బతికినవాళ్ళు. వాళ్ళ ఊరి పక్కన అడవి తోటగా మారినప్పుడు, ఆ నూనె కొనేవాళ్ళ జాబితాలో మొదటి పేరు మనది. నగరాల వాళ్ళను మనం ఏ ప్రశ్న అడిగామో అదే ప్రశ్నను వాళ్ళు మనల్ని అడగవచ్చు. మనకు ఒక న్యాయం, వాళ్ళకు ఇంకో న్యాయం ఉండకూడదు.

బత్తాయి_తోట_నల్గొండ

నల్లమల గారూ, అక్కడ ఒక తేడా ఉంది. యురేనియం విషయంలో తవ్వేదీ, వాడేదీ, అనుమతి ఇచ్చేదీ ఒకే దేశం. మన ఓటు పనిచేసింది, శాసనసభ కదిలింది. ఇండోనేషియా తన అడవిని ఏం చేసుకోవాలో తన ప్రజలే తేల్చుకోవాలి. మనం వెళ్ళి వాళ్ళకు నీతులు చెబితే అది పెత్తనం అవుతుంది. 2018లో వాళ్ళ అధ్యక్షుడే కొత్త పామ్ అనుమతులను మూడేళ్ళు ఆపాడు. 2021లో ఆ గడువు ముగిస్తే పొడిగించలేదు. రెండూ వాళ్ళ నిర్ణయాలే.

నల్లమల_గాలి

వాళ్ళకు నీతులు చెప్పమని నేను అనలేదు. మనం ఏది కొంటున్నామో మనల్ని మనం అడగమంటున్నాను. కొనేవాడికి అడిగే హక్కు ఉంది, అడగాల్సిన బాధ్యతా ఉంది.

లెక్కల_మనిషి

భావోద్వేగం సరే, కొన్ని అంకెలు ముందు పెట్టుకుందాం. ప్రకృతి పరిరక్షణ అంతర్జాతీయ సంఘం, అంటే ఐయూసీఎన్, 2018లో పామాయిల్ మీద ఒక నివేదిక ఇచ్చింది. అంతరించే ముప్పున్న 193 జాతుల మీద పామ్ తోటల ప్రభావం ఉందని అందులో ఉంది. మీ వాదనకు అది బలం. అదే నివేదికలో ఇంకో మాట కూడా ఉంది. ప్రపంచ వంటనూనెల్లో దాదాపు 35 శాతం పామ్ నుంచే వస్తుంది, కానీ నూనె పంటలకు వాడే నేలలో అది ఆక్రమించేది 10 శాతం కంటే తక్కువ. అదే నూనెను వేరే పంటల నుంచి తీయాలంటే తొమ్మిది రెట్ల దాకా నేల కావాలి.

అంటే రేపు మనం పామోలిన్ మానేసి సోయా నూనెకు మారామనుకోండి, అది ప్రధానంగా అర్జెంటీనా, బ్రెజిల్ నుంచి వస్తుంది. అక్కడ సోయా కోసం పోయినవి గ్రాన్ చాకో అనే పొడి అడవి, సెరాడో అనే చెట్లూ గడ్డీ కలిసిన నేల. అవీ జీవజాతుల ఇళ్ళే. కోతిని కాపాడి చీమలు తినే జంతువును చంపినట్టు అవుతుంది. మానేయడం సమాధానం కాదు. ఏ తోట నుంచి వచ్చిందో తెలుసుకుని కొనడం సమాధానం.

గానుగ_చప్పుడు

లెక్కల మనిషి గారి అంకెలతో నాకు పేచీ లేదు. కానీ ఆయన ఒక పంటను పూర్తిగా వదిలేశారు, అదీ మన పంటను. పామ్ పోతే సోయానే దిక్కు అన్నట్టు రాశారు. పల్లీ ఏమైంది? నువ్వుల పంట ఏమైంది? కుసుమ ఏమైంది?

మా నాన్న గానుగ నడిపారు కాబట్టి ఈ కథ ఇంట్లో విన్నాను, తరువాత చదివి పోల్చుకున్నాను. 1986లో కేంద్రం నూనెగింజల సాంకేతిక మిషన్ మొదలుపెట్టింది. విత్తనం, మద్దతు ధర, దిగుమతుల కట్టడి, మూడూ ఒకేసారి నడిచాయి. 1990ల మొదట్లో దేశం వంటనూనెలో దాదాపు స్వయం సమృద్ధికి చేరింది. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ వైపు యాసంగి పల్లీ చేలు కనుచూపు మేర ఉండేవి. పాలెం వ్యవసాయ పరిశోధన స్థానం పేరు ప్రతి రైతు నోటా ఉండేది. ఇక ఆముదం సంగతి నల్గొండ వాళ్ళకు చెప్పాల్సిన పని లేదు.

1994లో పామోలిన్ దిగుమతికి తలుపులు తెరిచారు. అప్పుడు సుంకం 65 శాతం. నాలుగేళ్ళలో అది 15 శాతానికి దిగింది. తరువాత మళ్ళీ పెంచారు, 2008లో ముడి వంటనూనె మీద సున్నా చేశారు. ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం ప్రకారం పామాయిల్ మీద 300 శాతం దాకా సుంకం వేసే హక్కు మనకు ఉంది. హక్కు ఉండి కూడా సున్నాకు దిగడం మన నిర్ణయమే. ఆ నిర్ణయం ఒక దెబ్బతో రెండు చోట్ల పని చేసింది. ఇక్కడ గానుగలు, చిన్న మిల్లులు మూతపడ్డాయి. అక్కడ తోటలకు ఖాయమైన కొనుగోలుదారు దొరికాడు. 2013లో రేషన్ దుకాణాల్లో ఇచ్చిన అమ్మహస్తం సంచిలో కూడా పామోలిన్ ప్యాకెట్టే పెట్టారు, పల్లి నూనె పెట్టలేదు. కాబట్టి "జనం చవకది కొంటారు" అనే మాట సగమే నిజం. చవక కావడానికి మన ప్రభుత్వాలే దారి వేశాయి. అందుకే ఇది దేశం బాధ్యత అంటున్నాను, కూలి మనిషి బాధ్యత అనడం లేదు.

కొత్తకోట_కిరాణా

గానుగ అన్నా, ఈ చివరి వాక్యం మొదట్లోనే ఎవరైనా రాసి ఉంటే నాకు కోపం వచ్చేది కాదు.

లెక్కల_మనిషి

గానుగ గారూ, చరిత్ర సరిగ్గానే చెప్పారు. కానీ 1990ల మొదట్లో దేశ జనాభా ఎంత, ఒక్కొక్కరు వాడిన నూనె ఎంత? ఇప్పుడు నీతి ఆయోగ్ లెక్క ప్రకారం మనిషికి ఏడాదికి 19 కిలోలు దాటింది. ఈ మొత్తాన్ని పల్లీతో తీర్చాలంటే వరి, జొన్న, కంది ఏ నేలలో వేస్తారు? పల్లీ ఎకరం పెంచడమంటే ఇంకో పంట ఎకరం తగ్గించడం. లేదా గడ్డి నేలలు దున్నడం. మక్తల్, కృష్ణా మండలాల్లో జింకలకు మిగిలిన నేల ఎంతో మీకు తెలుసు.

వంటింటి_మాట

ఆ 19 కిలోల దగ్గరే ఆగండి. మనిషికి ఏడాదికి 12 కిలోల నూనె చాలని వైద్య పరిశోధన మండలి ఏనాడో చెప్పింది. ఆ మండలి కింద పనిచేసే జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాద్ తార్నాకలోనే ఉంది, ఎవరైనా వెళ్ళి అడగవచ్చు. అంటే మనం తినాల్సిన దానికంటే సగం ఎక్కువ తింటున్నాం. పామ్ బదులు సోయా, సోయా బదులు పల్లీ అని కొట్టుకునే ముందు ఆ ఏడు కిలోల సంగతి చూడండి. గుండెకూ మంచిది, అడవికీ మంచిది.

ఇంకో మాట. ఆ నూనె అంతా నేను వంటలో పోసినది కాదు. బిస్కెట్లో ఉంది, చిప్స్‌లో ఉంది, సబ్బులో ఉంది, పెళ్ళి భోజనంలో ఉంది, హోటల్ డబ్బాలో ఉంది. ప్యాకెట్ వెనక్కి తిప్పి చదివితే పామోలిన్ అని చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది. ఎక్కడి తోటదో మాత్రం కనిపించదు. ప్రతిసారీ "వినియోగదారులు మారాలి" అని ఇంట్లో ఆడవాళ్ళకు పాఠం చెబుతారు. నేను మా ఇంట్లో పల్లి నూనె, నువ్వుల నూనె మాత్రమే వాడుతున్నాను. అయినా మా పిల్లవాడి బిస్కెట్ ప్యాకెట్ ద్వారా సుమత్రా మా ఇంట్లోకి వస్తూనే ఉంది.

దేవరకొండ_శ్రీలత

వంటింటి అక్కా, నూటికి నూరు పాళ్ళు నిజం. తెలియకుండా తినేదానికి ఇంట్లో మనిషి జవాబుదారీ కాదు, చట్టం చేసేవాళ్ళు జవాబుదారీ.

సబా_నుంచి_అచ్చంపేట

రోజూ చదువుతాను, రాయడం తక్కువ. మలేషియాలో సబా అనే రాష్ట్రంలో, పామ్ మిల్లులో బాయిలర్ పని చేస్తున్నాను. సబా బోర్నియో దీవిలోనే ఉంది. మీరు చెప్పుకుంటున్న చోట ఉన్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

గెల కోశాక ఇరవై నాలుగు గంటల్లోపల మిల్లుకు చేరాలి, లేకపోతే నూనె పాడవుతుంది. అందుకే మిల్లు ఎప్పుడూ తోటల మధ్యనే ఉంటుంది, మిల్లు కోసం రోడ్డు, రోడ్డు పక్కన మళ్ళీ తోట. అడవి పోయేది ఒక్క నరుకుడుతో కాదు. ముందు రోడ్డు వస్తుంది, తరువాత కలప పోతుంది, ఆ పైన తోట వస్తుంది. కొన్నిచోట్ల, ముఖ్యంగా ఇండోనేషియా వైపు, పీట్ నేలలు ఉంటాయి. వేల ఏళ్ళుగా నీటిలో నానిన ఆకు, వేరు పేరుకుపోయిన నేల అది. దాన్ని కాలువలు తవ్వి ఎండబెడితే ఒకసారి అంటుకున్న మంట నెలల తరబడి నేల లోపల కాలుతుంది. 2015లో అలా ఇండోనేషియాలో 26 లక్షల హెక్టార్లు కాలాయి, పొగ సింగపూర్ దాకా కమ్మింది.

ఇక్కడ కినబటంగన్ అనే పెద్ద నది ఉంది. నది రెండు ఒడ్డుల మీద సన్నటి పట్టీగా అడవి మిగిలింది, దాని వెనుక అంతా తోటే. విదేశీ యాత్రికులు పడవల్లో వచ్చి ఇన్ని జంతువులు ఒకేచోట కనిపించాయని సంతోషపడతారు. ఒకేచోట ఎందుకు కనిపిస్తాయంటే వాటికి వేరే చోటు లేదు. పొట్టి జాతి ఏనుగులు, పొడుగు ముక్కు కోతులు, ఒరాంగుటాన్లు అన్నీ ఆ పట్టీలోనే. ఒరాంగుటాన్ తల్లి ఏడెనిమిదేళ్ళకు ఒక్క పిల్లను కంటుంది. అలాంటి జంతువు ఒకసారి తగ్గితే మళ్ళీ పెరగడం ఎంత కష్టమో మీరే ఆలోచించండి. 2019 నవంబరులో ఈ రాష్ట్రంలోనే ఇమాన్ అనే ఆడ ఖడ్గమృగం చనిపోయింది. మలేషియా దేశం మొత్తంలో సుమత్రా ఖడ్గమృగం జాతికి అదే చివరిది. వేట ఎక్కువ కారణం, చోటు లేకపోవడం రెండో కారణం.

ఇదంతా చెప్పాక ఇంకో వైపు కూడా చెప్పాలి. నాతో పనిచేసేవాళ్ళు చాలామంది ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన కూలీలు. మన పాలమూరు మనుషులు ఒకప్పుడు దేశమంతా తిరిగి డ్యాములు కట్టినట్టే వీళ్ళు ఇక్కడ గెలలు కోస్తున్నారు. ఇండోనేషియాలో తోటల విస్తీర్ణంలో దాదాపు 40 శాతం చిన్న రైతులది. పామ్ మొత్తాన్ని దయ్యంగా చూపించకండి. ఈ నూనె ఎవరు కొంటారు, ఏ షరతు మీద కొంటారు అనే దాన్ని బట్టి ఇక్కడ చాలా మారుతుంది. యూరప్‌కు వెళ్ళే సరుకు అంటే కాగితాలన్నీ అడుగుతారని పైవాళ్ళు అంటూ ఉంటారు. ఇండియాకు అంటే ధర ఒక్కటే అడుగుతారని కూడా అంటారు. ఆ మాట విన్నప్పుడు నాకు బాధగా ఉంటుంది.

పాలమూరు_పల్లికాయ

సబా తమ్ముడూ, ఇంత దగ్గర నుంచి చూసి రాసినందుకు చాలా సంతోషం. నీ చివరి రెండు వాక్యాలే ఈ చర్చకు అసలు విషయం అనిపిస్తోంది. పెద్ద కొనుగోలుదారు షరతు పెట్టకపోతే, చిన్న కొనుగోలుదారు పెట్టిన షరతు వల్ల సరుకు దారి మారుతుందే తప్ప అడవి మిగలదు. కాగితాలున్న తోటల నూనె యూరప్‌కు, కాగితాల్లేని తోటల నూనె మనకు. ఇది ఎవరైనా న్యాయం తెలిసినవాళ్ళు కాస్త విడమరిచి చెప్పండి.

చట్టం_చదువు

ప్రయత్నిస్తాను. 1992 నాటి జీవవైవిధ్య ఒప్పందంలో మూడవ అధికరణం రెండు మాటలు ఒకేచోట చెబుతుంది. ప్రతి దేశానికీ తన వనరుల మీద సార్వభౌమ హక్కు ఉంది. అలాగే తన పరిధిలోని, తన అదుపులోని పనుల వల్ల ఇతర దేశాల పర్యావరణానికి నష్టం కలగకుండా చూసే బాధ్యత కూడా ఉంది. బత్తాయి గారు మొదటి మాట పట్టుకున్నారు, పల్లికాయ గారు రెండవ మాట పట్టుకున్నారు. దిగుమతి చేసుకోవడం "అదుపులోని పని" కిందికి వస్తుందా అన్నదే తేలని చిక్కు. నా మటుకు నాకు వస్తుందనే అనిపిస్తుంది, ఎందుకంటే సుంకం, అనుమతి, నాణ్యత నియమం అన్నీ మన చేతిలోనే ఉన్నాయి.

2022 డిసెంబరులో దాని కిందే కున్మింగ్–మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. అందులో 23 లక్ష్యాలు. అందరూ 30 శాతం నేల, 30 శాతం సముద్రం కాపాడాలనే మూడవ లక్ష్యం గురించే మాట్లాడతారు. పదహారవ లక్ష్యం వినియోగం గురించి. 2030 నాటికి వినియోగం వల్ల భూమి మీద పడే భారాన్ని న్యాయబద్ధంగా తగ్గించాలి అంటుంది. మన దేశం దానికీ ఒప్పుకుంది. ఒప్పుకున్నదాన్ని నూనె దిగుమతికి ముడిపెట్టిన నియమం మాత్రం లేదు.

యూరోపియన్ యూనియన్ 2023లో ఒక చట్టం తెచ్చింది. 2020 డిసెంబరు 31 తరువాత అడవి నరికిన నేల నుంచి వచ్చిన పామాయిల్, సోయా, కాఫీ, కోకో, రబ్బరు, కలప, పశువుల ఉత్పత్తులు తమ సంతలోకి రాకూడదని దాని సారాంశం. అమలు మాత్రం వాయిదాలు పడుతూ వచ్చింది. మన ప్రభుత్వం దాన్ని వ్యాపారానికి అడ్డుగోడ అంటూ వ్యతిరేకిస్తోంది.

బత్తాయి_తోట_నల్గొండ

వ్యతిరేకించడంలో తప్పేముంది? అరకులో ఎకరం, రెండెకరాలున్న గిరిజన రైతు, ఆ చట్టం అడిగినట్టు, తన కాఫీ చెట్టు ఏ అక్షాంశం మీద ఉందో చూపించాలంటే ఎక్కడి నుంచి చూపిస్తాడు? పెద్ద కంపెనీ చూపిస్తుంది, చిన్న రైతు సంత నుంచి బయట పడతాడు. అదే షరతు మనం సుమత్రా మీద పెడితే సబా తమ్ముడు చెప్పిన ఆ 40 శాతం చిన్న రైతులకు అదే జరుగుతుంది. అరకు రైతుకు అన్యాయమైనది సుమత్రా రైతుకు న్యాయం ఎలా అవుతుంది? ఎవరైనా జవాబు చెప్పండి.

చట్టం_చదువు

ఇది గట్టి ప్రశ్న. షరతుతో పాటు ఖర్చు కూడా కొనే దేశమే భరించాలన్నది నా జవాబు. కాగితాలు చిన్న రైతు చేత చేయించి, ధర మాత్రం పాతదే ఇస్తే అది అన్యాయమే. నార్వే 2010లో అడవి నరుకుడు తగ్గిస్తే వంద కోట్ల డాలర్ల దాకా ఇస్తామని ఇండోనేషియాతో ఒప్పందం చేసుకుంది. చెల్లింపులు ఆలస్యమయ్యాయని 2021లో ఇండోనేషియా దాన్ని రద్దు చేసింది, 2022లో మళ్ళీ కొత్త ఒప్పందం కుదిరింది. నార్వే చమురు డబ్బున్న దేశం, మనం కాదు. అయినా పామాయిల్ మీద మనకు దిగుమతి సుంకం వస్తోంది కదా. 2024 సెప్టెంబరులో ముడి పామాయిల్ మీద 20 శాతం వేశారు, 2025లో 10 శాతానికి తగ్గించారు. ఆ డబ్బులో ఒక పాలు అక్కడి చిన్న రైతుల కాగితాలకు, ఇంకో పాలు ఇక్కడి పల్లీ రైతుకు అని రాసిపెడితే కాదనేవాళ్ళు ఎవరు?

కొత్తకోట_కిరాణా

ఆర్థిక మంత్రి కాదంటారు.

నల్లమల_గాలి

ఎర్రచందనం సంగతి ఎవరూ ఎత్తలేదు. ప్రపంచంలో అది సహజంగా పెరిగేది మన తెలుగు నేల మీద, ముఖ్యంగా శేషాచలం చుట్టుపక్కల. దాన్ని నరికించేది చైనా వైపు గిరాకీ. దొంగతనంగా నరికినవాణ్ని పట్టుకుంటాం, జైల్లో పెడతాం. కొన్నవాడు హాయిగా బల్ల చేయించుకుంటాడు. "కొనే దేశం ఆపకపోతే మేము ఎంతమందిని పట్టుకున్నా లాభం లేదు" అని మన అధికారులు అంటారు. అంతర్జాతీయ ఒప్పందం కింద ఆ కలప వ్యాపారం మీద ఆంక్షలు పెట్టింది అందుకే. ఎర్రచందనం విషయంలో కొనేవాడిదే బాధ్యత అని వాదించే మనం, పామాయిల్ విషయంలో అమ్మేవాడిదే బాధ్యత అంటే ఎవరు నమ్ముతారు?

పెబ్బేరు_రైతు

నేను ఆయిల్‌పామ్ వేశాను. ఎవరూ మా వైపు మాట్లాడలేదు కాబట్టి రాస్తున్నాను. 2021లో కేంద్రం 11,040 కోట్లతో ఆయిల్‌పామ్ మిషన్ పెట్టింది. మన రాష్ట్రం కూడా లక్షల ఎకరాల లక్ష్యం పెట్టుకుంది. నేను వేసింది పాత వరి మడిలో. ఒక్క చెట్టు నరకలేదు, ఒక్క కోతిని తరమలేదు. నాలుగో ఏడు నుంచి గెల వస్తుంది, నెలనెలా డబ్బు కనిపిస్తుంది. బోర్నియో అడవి పోకూడదంటే ఆ నూనె ఇక్కడ సాగు నేలలో పండించడం కంటే మంచి దారి ఏముంది? గానుగ గారు పల్లీ పల్లీ అంటారు కానీ పల్లీకి అడవి పందుల కాపలా ఎవరు కాస్తారు?

గానుగ_చప్పుడు

రైతన్నా, మీ మీద నాకు కోపం లేదు, మీ ఎకరం మీ ఇష్టం. రెండు విషయాలు మాత్రం అడగాలి. ఎకరాకు 57 చెట్లు, వేసవిలో చెట్టుకు రోజుకు రెండు వందల లీటర్ల పైనే నీళ్ళు. జూరాల, భీమా కాలువ కింద ఉన్నవాళ్ళకు సరే, బోరు మీద బతికే నారాయణపేట, దేవరకొండ రైతుకు ఇది ఎలా కుదురుతుంది? రెండవది, అదే మిషన్ ఈశాన్య రాష్ట్రాలకూ, అండమాన్‌కూ కూడా వర్తిస్తుంది. మీరు వరి మడిలో వేశారు, మిజోరంలో కొండల మీద వేస్తారు. బోర్నియోను కాపాడటానికి మిజోరం అడవిని ఇస్తే మనం సాధించింది ఏముంది?

పెబ్బేరు_రైతు

వరికి పోసే నీళ్ళ కంటే ఇది తక్కువే, డ్రిప్ ఉంది కాబట్టి. మిజోరం సంగతి మీరన్నది ఒప్పుకుంటాను. అక్కడ వద్దు, ఇక్కడ సాగు నేలలో కానివ్వండి అని రాయండి.

లెక్కల_మనిషి

పెబ్బేరు గారి మాటలో పస ఉంది. వరి తీసి పామ్ వేస్తే నీటి లెక్క అంత భయంకరంగా ఉండదు. ఆముదం, జొన్న తీసి వేస్తే ఉంటుంది. ఎక్కడ వేశారన్నదే అసలు ప్రశ్న, అక్కడైనా ఇక్కడైనా.

దేవరకొండ_శ్రీలత

ఇన్ని వాదనల మధ్య మన చేతిలో ఉన్నది ఒకటి కనిపిస్తోంది. ప్రభుత్వమే పెద్ద నూనె కొనుగోలుదారు. గురుకులాలు, సంక్షేమ హాస్టళ్ళు, అంగన్‌వాడీలు, మధ్యాహ్న భోజనం, ఆసుపత్రులు. వీటన్నిటికీ టెండర్లు పిలుస్తారు. టెండరులో ధర, నాణ్యత అడుగుతారు, నూనె ఎక్కడి నుంచి వచ్చిందని అడగరు. నార్వే పార్లమెంటు 2016లో ప్రభుత్వ కొనుగోళ్ళలో అడవి నరికి చేసిన సరుకు ఉండకూడదని నిర్ణయం తీసుకుంది. మన జిల్లాలో కనీసం హాస్టళ్ళకు స్థానిక పల్లి నూనె కొనాలని, పామోలిన్ కొంటే ఏ దేశం, ఏ తోట అని కాగితం అడగాలని మనం విజ్ఞాపన ఇవ్వలేమా? కూలి మనిషి నెత్తిన ఒక్క రూపాయి పడదు. కొత్తకోట అన్నకు కూడా అభ్యంతరం ఉండకూడదు.

కొత్తకోట_కిరాణా

అభ్యంతరం లేదు. హాస్టల్ సరుకు మా కొట్టు నుంచి వెళ్ళదు కాబట్టి నష్టమూ లేదు, లాభమూ లేదు. ఒక సాయం చేయగలను. మా దగ్గర అమ్మే నూనె, బిస్కెట్, మిక్చర్ ప్యాకెట్ల వెనుక ఏం రాసి ఉందో ఫోటోలు తీసి పెడతాను. ఎంత సరుకులో పామోలిన్ ఉందో మీకే అర్థమవుతుంది.

వంటింటి_మాట

విజ్ఞాపనలో పిల్లలకు పెట్టే నూనె మొత్తం గురించి కూడా ఒక మాట ఉండాలి. నూనె రకం మార్చి, పరిమాణం అలాగే ఉంచితే సగం పనే.

చట్టం_చదువు

ముందు సమాచార హక్కు కింద అడుగుదాం. గత రెండు విద్యా సంవత్సరాల్లో జిల్లా హాస్టళ్ళకు ఏ నూనె ఎంత కొన్నారు, టెండరు షరతులు ఏమిటి. నల్గొండకు, వనపర్తికి విడివిడిగా దరఖాస్తులు వేయాలి. ముసాయిదా నేను రాస్తాను. జవాబు వచ్చాక ఆ అంకెలతోనే విజ్ఞాపన.

సబా_నుంచి_అచ్చంపేట

టెండరులో ఏం అడగాలో నేను చెప్పగలను. మిల్లు పేరు అడగండి. తోట పేరు అడిగితే దొరకదు, మధ్యలో చాలా చేతులు మారుతుంది. మిల్లు పేరు దొరికితే దాని చుట్టూ ఉన్న తోటలు ఉపగ్రహ పటంలో చూసుకోవచ్చు, ఎందుకంటే గెల ఎక్కువ దూరం నుంచి రాదు.

పాలమూరు_పల్లికాయ

ఇది చాలా పనికొచ్చే మాట తమ్ముడూ. చట్టం గారూ, "మిల్లు పేరు" ముసాయిదాలో చేర్చండి. వనపర్తి దరఖాస్తు నా పేరు మీద వేస్తాను. నల్గొండకు ఎవరు?

దేవరకొండ_శ్రీలత

నేను. బత్తాయి గారు కూడా సంతకం పెడితే బాగుంటుంది.

బత్తాయి_తోట_నల్గొండ

విజ్ఞాపనలో రెండు వాక్యాలు ఉంటేనే పెడతాను. ఒకటి, చిన్న రైతు కాగితాల ఖర్చు కొనేవాళ్ళే భరించాలి. రెండు, అమెరికా, యూరప్, జపాన్ తమ వంతు లెక్క చెప్పాలని మన ప్రభుత్వం అంతర్జాతీయ సదస్సుల్లో అడగాలి.

చట్టం_చదువు

జిల్లా కలెక్టరుకు ఇచ్చే విజ్ఞాపనలో జపాన్ ఎందుకండీ?

బత్తాయి_తోట_నల్గొండ

బోర్నియో ఉండగా జపాన్ ఎందుకు ఉండకూడదు?

దేవరకొండ_శ్రీలత

మొదటి వాక్యం అలాగే ఉంచుదాం. రెండవది కేంద్ర పర్యావరణ శాఖకు వేరే ఉత్తరంగా పెడదాం. బత్తాయి గారూ, అది మీరే రాసి ఇక్కడ పెట్టండి, అందరం చూస్తాం.